చివరి బండి కోసం ఆగడం

హైదరాబాద్ నుంచి ఏ దిక్కుకు నలభై యాభై కిలోమీటర్లు పోయినా ఒక గుట్ట కనిపిస్తుంది. దగ్గరికి పోతే గుట్ట మీదికి ఒక బాట ఉంటుంది. దాన్ని ఎవరూ వేయలేదు. మేకలు, గొర్రెలు, వాటి వెనక కాపరులు ఏళ్ల తరబడి ఒకే వరసలో నడవడం వల్ల గడ్డి పోయి, మట్టి గట్టిపడి, మూరెడు వెడల్పున తేలిన దారి అది. ఒక పక్క గుండు, ఇంకో పక్క రేగు పొద, మధ్యలో వాన నీళ్లు కోసిన గాడి, ఆ గాడిలో పైకి తేలిన రాళ్లు. మోటారు బండి హ్యాండిల్ వెడల్పు ఎనభై సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అందుకే రెండు గుండ్ల సందులోంచి పోవాలంటే ఒక్కోసారి బండిని పక్కకు వంచి, హ్యాండిల్ ఒక కొసను ముందు దూర్చి, తర్వాత రెండో కొసను లాగాల్సి వస్తుంది.

డర్ట్ బైక్ నడిపేవాళ్లు ఇలాంటి బాటను సింగిల్ ట్రాక్ అంటారు. రాళ్లు, మెట్లలాంటి బండలు, నిటారు ఎక్కుళ్లు, ఇరుకు మలుపులు ఎక్కువైతే దానికి టెక్నికల్ అనే మాట చేరుతుంది. ఇక్కడ గంటకు పది కిలోమీటర్లు సాగితే బాగా సాగినట్టే. ఒక్కో చోట యాభై మీటర్లకు అరగంట పడుతుంది. గుట్టల్లో బండి నడుపుతామంటే చాలామందికి గాల్లోకి ఎగిరే బండ్లు, లేచే దుమ్ము గుర్తొస్తాయి. అది మోటోక్రాస్, మనుషులు కట్టిన ట్రాక్ మీద జరిగే పోటీ. సింగిల్ ట్రాక్ మీద పనంతా నడక వేగంలోనే జరుగుతుంది. ఆ నెమ్మదితనంలో ఎంత విద్య ఉందో, దాన్ని ఒంటరిగా ఎందుకు నేర్చుకోలేమో వివరంగా చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

మొదట నెమ్మది ఎందుకు కష్టమో చూద్దాం. వేగంగా పోయే బండి చాలావరకు తనంతట తనే నిలబడుతుంది. పక్కకు వాలబోతే ముందు చక్రం వాలిన వైపే కొద్దిగా తిరుగుతుంది. దాంతో చక్రాలు వాలుతున్న బరువు కిందికి చేరి, బండి మళ్లీ నిటారవుతుంది. తిరిగే చక్రాల జైరోస్కోప్ బలమే ఇందుకు కారణమని చాలాకాలం అనుకున్నారు. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆ నమ్మకాన్ని సరిదిద్దింది. ఎదురు తిరిగే అదనపు చక్రాలు పెట్టి జైరో ప్రభావాన్ని రద్దు చేసిన చిన్న సైకిల్‌ను తయారుచేసి నెడితే, మనిషి లేకుండానే అది నిలబడి ముందుకు పోయింది. జైరో బలం సాయం చేస్తుంది కానీ అది తప్పనిసరి కాదు. వాలిన వైపుకు ముందు చక్రం సకాలంలో తిరగాలి, చక్రాలు బరువు కిందికి చేరడానికి బండికి తగినంత వేగం ఉండాలి. నడక వేగానికి దిగగానే ఈ సర్దుబాటు అందదు. అప్పుడు బండిని నిలబెట్టే పని మొత్తం నడిపేవాడి మోకాళ్ల మీద, చూపు మీద, ఎడమ చేతి రెండు వేళ్ల మీద పడుతుంది.

ఆ రెండు వేళ్లు క్లచ్ మీద ఉంటాయి. ట్రాఫిక్‌లో మనం హాఫ్ క్లచ్ అంటామే, అదే ఇక్కడ ప్రాణాధారం. మన బండ్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లో మునిగి ఉండే పలకల వరస. లివర్ పూర్తిగా వదిలితే పలకలు బిగుసుకుని ఇంజన్ బలమంతా చక్రానికి పోతుంది, పూర్తిగా పట్టుకుంటే ఏమీ పోదు. మధ్యలో వేలి మందమంత దూరంలో పలకలు కొంత జారుతూ కొంత పట్టుకుంటూ ఉంటాయి. ఇంజన్‌ను ఒకే స్వరంలో ఉంచి, ఆ కొద్దిపాటి దూరంలో వేళ్లు ఆడిస్తూ చక్రానికి ఎంత బలం పోవాలో కొలిచి పంపాలి. యాక్సిలరేటర్‌తోనే అన్నీ చేయాలని చూసేవాడి బండి రాయి తగలగానే ఆగిపోతుంది, లేదా ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. క్లచ్ పాడవుతుందని భయపడేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎక్కువసేపు జారిస్తే వేడెక్కి పలకలు అరుగుతాయన్నది నిజమే. అందుకే కష్టమైన చోటు దాటాక క్లచ్‌ను పూర్తిగా వదిలి కాసేపు సాగనివ్వాలి. ఆయిల్‌ను కూడా రోడ్డు బండికి మార్చేదానికన్నా ముందే మార్చాలి.

కూర్చోవడం, నిలబడటం గురించి ఒక అపోహ ఉంది. ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడితే బరువు కిందికి దిగుతుందని, అందుకే బండి స్థిరంగా ఉంటుందని చెబుతుంటారు. లెక్క చూస్తే, నిలబడినప్పుడు మనిషీ బండీ కలిపిన గురుత్వ కేంద్రం పైకే పోతుంది. మేలు జరిగేది వేరే దారిలో. కూర్చున్నప్పుడు మనిషి, బండి ఒకే ముద్ద. వెనక చక్రం రాయి ఎక్కితే మనిషీ ఎగురుతాడు, బండి పక్కకు వాలితే మనిషీ వాలుతాడు. నిలబడినప్పుడు బండి కింద తన ఆట తాను ఆడుతుంది. మోకాళ్లు, చీలమండలు ఆ కుదుపును మింగేస్తాయి, పైన మనిషి దాదాపు నిలకడగా ఉంటాడు. బండి ఎడమకు వాలబోతే ఎడమ ఫుట్‌రెస్ట్ మీద కాలు తేల్చి, కుడిదాని మీద అదిమితే చాలు, అది లేస్తుంది. మోకాళ్లతో ట్యాంకును బిగించి పట్టాలి, హ్యాండిల్‌ను మాత్రం వదులుగా పట్టాలి. కొత్తవాళ్లు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. పావుగంటకే వాళ్ల ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, తర్వాత బ్రేకు పట్టే సత్తువ కూడా ఉండదు.

చూపు సంగతి ఇంకా ముఖ్యం. కన్ను ఎటు పోతే బండి అటే పోతుంది. బాట పక్కన ఉన్న గుండుకు గుద్దుకుంటానేమోనని దాన్నే చూసేవాడు దానికే గుద్దుకుంటాడు. ముందు చక్రం కింద ఉన్న రాయిని చూడటం వల్ల లాభం లేదు, దాని గురించి చేయగలిగింది ఏదైనా ఉంటే ఆ సమయం అప్పటికే దాటిపోయింది. ఐదారు మీటర్ల ముందు బాట ఎటు తిరుగుతోందో చూస్తూ, దగ్గరి రాళ్లను ఒంటికి వదిలేయాలి. ఇది చెప్పినంత సులువుగా రాదు. భయం చూపును కిందికి లాగుతుంది.

ఇక బండి సంగతి. ప్రపంచంలో ఈ పనికి వాడే కేటీఎం 300 ఈఎక్స్‌సీ లాంటి టూ స్ట్రోక్ ఎండ్యూరో బండ్లు నూరు కిలోల చిల్లర బరువుంటాయి. మన దగ్గర వాటిని దిగుమతి చేసుకోవాలి. రోడ్డు రిజిస్ట్రేషన్ దొరకదు కాబట్టి ట్రాలీ మీదో, మినీ లారీలోనో గుట్ట దాకా మోయాలి. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 లక్ష రూపాయలకు అటూ ఇటూ ధరతో వచ్చాక మామూలు జీతగాళ్లకు ఈ దారి తెరుచుకుంది. ఆ బండికి ముందువైపు 21 అంగుళాల చక్రం, వెనక 18 అంగుళాల చక్రం, నేలకు ఇంజన్‌కు మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నాయి. ముందు చక్రం పెద్దదైతే ఎదురొచ్చిన రాయి అంచు ఇరుసుకు బాగా కిందుగా తగులుతుంది, అందుకే చక్రం దాన్ని గుద్ది ఆగకుండా ఎక్కుతుంది. బరువు మాత్రం 150 కిలోలు దాటుతుంది. ఆ బండి పడినప్పుడల్లా ఎత్తడమే పెద్ద వ్యాయామం. నా అభిప్రాయంలో నేర్చుకునేవాడికి ఈ బరువే మంచి గురువు. బలంతో నెట్టుకుపోదామంటే కుదరదు కాబట్టి పద్ధతి నేర్చుకోక తప్పదు.

టైరులో గాలి కూడా మార్చాలి. రోడ్డు మీద 25 నుంచి 30 పీఎస్ఐ మధ్య ఉంచే టైరును గుట్ట కింద ఆపి 15 పీఎస్ఐ దరిదాపులకు దించితే, అది రాయిని చుట్టుకుని పట్టుకుంటుంది. మరీ దించితే రిమ్ము సొట్ట పోతుంది, ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి చిల్లు పడుతుంది. టైరును రిమ్ముకు బిగించి పట్టే రిమ్ లాక్ లేకపోతే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వును తెంపేస్తుంది. ఇక పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు మన నేలకు ఉన్నవే. పంక్చరు వేయడం రానివాడు మా జట్టులో రోడ్డు దిగడు. 1913లో ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో మొదలైన ఆరు రోజుల అంతర్జాతీయ ఎండ్యూరో పోటీలో ఇప్పటికీ ఎవరి బండికి వాళ్లే టైరు మార్చుకోవాలి. మొదటిసారి ఆ నియమం విన్నప్పటి నుంచి దానిమీద నాకు గౌరవం.

తెలంగాణ గుట్టలు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. పొడిగా ఉన్నప్పుడు ఉత్త బండ మీద టైరు అద్భుతంగా పట్టుకుంటుంది. ప్రమాదం అంతా ఆ బండ పొరలు రాలి తయారైన మొరంతోనే. వాలుగా ఉన్న పరుపుబండ మీద సన్నని మొరం ఉంటే చక్రం కింద జొన్నలు పోసినట్టే. అక్కడ ముందు బ్రేకు ముట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ఎక్కడ ఉత్త బండ, ఎక్కడ మొరం పరిచిన బండ అన్నది రంగులో కొద్ది తేడాతోనే తెలుస్తుంది. పొద్దున ఏటవాలు వెలుతురులో అది కనిపిస్తుంది, మిట్ట మధ్యాహ్నం అంతా ఒకే తెలుపు.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది ఎక్కుడు. నిటారు ఎక్కుడులో కావలసిన ఊపు కిందనే తెచ్చుకోవాలి, మధ్యలో దొరకదు. ఒంటిని ముందుకు తేవాలి, లేకపోతే ముందు చక్రం లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. మరీ ముందుకు తెస్తే వెనక చక్రం మీద బరువు లేక అక్కడే తిరుగుతూ గుంట తవ్వుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న చోటు ఎక్కుడును బట్టి మారుతూ ఉంటుంది. ఇంతా చేసి బండి మధ్యలో ఆగిపోయిందనుకోండి. అప్పుడు ఎవరైనా సహజంగా చేసేది ముందు బ్రేకు గట్టిగా పట్టడం. అది పని చేయదు. నిటారు వాలులో బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది, ముందు చక్రం బిగిసినా రాళ్ల మీద జారుతూ వెనక్కే వస్తుంది. చేయాల్సింది వేరు. ఇంజన్ ఆపేసి, గేరులోనే ఉంచి, క్లచ్ వదిలేయాలి. ఆగిన ఇంజనే వెనక చక్రాన్ని కట్టేస్తుంది. బండిని వాలుకు పైవైపు ఒంటికి ఆనించుకుని, ఊపిరి తీసుకోవాలి. తర్వాత ముందు బ్రేకు పట్టి, క్లచ్‌ను జానెడు దూరం జారేంత మాత్రం పట్టి వదులుతూ, హ్యాండిల్ తిప్పుతూ, బండిని మెల్లగా వాలుకు అడ్డంగా తేవాలి. ఆ పైన ముక్కు కిందికి తిప్పి దిగిపోవచ్చు. ఎంత ఎత్తు ఎక్కగలడో చూసి కొత్తవాణ్ణి అంచనా వేయడం తప్పు. ఆగిపోయిన చోటి నుంచి క్షేమంగా దిగడం వచ్చిందా అని చూడాలి. అది రానివాణ్ణి పెద్ద ఎక్కుడుకు తీసుకుపోకూడదు.

వాగులో ఇసుక వస్తే ఒళ్లు కాస్త వెనక్కి, ఇంజన్ ఒకే ఊపులో, హ్యాండిల్ తన ఇష్టానికి ఊగనివ్వడం, అంతే. దిగుడులో మొదటి గేరు, ఇంజన్ పట్టు, వెనక బ్రేకు, ముందు బ్రేకు మీద ఒక్క వేలు. వానాకాలంలో నల్లరేగడి దగ్గరికే పోవద్దు, అది మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు.

ఇప్పుడు అసలు విషయానికి, ఈ పని ఒంటరిగా ఎందుకు కుదరదో అన్నదానికి వస్తాను. ఆస్ట్రియాలోని ఐజెనెర్జ్ ఊరి పక్కన ఎర్జ్‌బెర్గ్ అనే ఇనుప ఖనిజపు కొండ ఉంది. ఇప్పటికీ నడుస్తున్న గని. 1995 నుంచి అక్కడ జరిగే ఎర్జ్‌బెర్గ్ రోడియో ప్రపంచంలో అతి కఠినమైన డర్ట్ బైక్ పోటీల్లో ఒకటి. అసలు పోటీకి అర్హత సాధించే ఐదు వందల మందికి నాలుగు గంటల గడువు ఇస్తారు. కొన్నేళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే చివరిదాకా చేరతారు. 2015లో దారిలో డౌన్‌టౌన్ అనే కొత్త ఎక్కుడును చేర్చారు. ముందు వరసలో ఉన్న నలుగురు దాని దగ్గరికి వచ్చారు. గ్రాహం జార్విస్, జానీ వాకర్, ఆల్ఫ్రెడో గోమెజ్, ఆండ్రియాస్ లెటెన్‌బిక్లర్. ఆ రోజుల్లో ఈ ఆటలో వాళ్లను మించినవాళ్లు లేరు. నలుగురిలో ఎవరూ ఒంటరిగా ఆ ఎక్కుడు ఎక్కలేకపోయారు. పోటీలో ఒకరినొకరు ఓడించడానికి వచ్చినవాళ్లు బండ్లు పక్కన పెట్టి, ఒక్కొక్కరి బండినీ కలిసి లాగి, నెట్టి, నాలుగింటినీ పైకి చేర్చారు. తర్వాత నలుగురూ కలిసే ముగింపు గీత దాటారు. నిర్వాహకులు నలుగురినీ విజేతలుగా ప్రకటించారు.

ఆ సంఘటనను కొందరు క్రీడా స్ఫూర్తికి ఉదాహరణగా చెబుతారు. అది ఈ ఆట స్వభావంలోనే ఉందని నేనంటాను. టెక్నికల్ బాటలో ఒక మనిషికీ ఒక బండికీ సాధ్యమయ్యే దానికి హద్దు ఉంది. ఆ హద్దు దగ్గర రెండో మనిషి చెయ్యి కూడా సాధనంలో భాగమవుతుంది. గుట్టల్లో మా పనంతా ఇలాగే సాగుతుంది. మెట్టు లాంటి బండ వచ్చిందంటే ఒకడు ముందు నడిచి చూస్తాడు. "ఎడమ గుండు మీదికి ఎక్కించు మామా, లోపలి గాడిలోకి దిగితే ఇరుక్కుంటావ్" అంటాడు. ఇంకొకడు బండకు పైవైపు నిలబడతాడు. పడే బండి కిందికే పడుతుంది కాబట్టి సాయం చేసేవాడు ఎప్పుడూ బండికి కిందివైపు నిలబడకూడదు. ముందు ఫోర్కుకు కట్టిన బెల్టు పట్టుకుని పైనుంచి లాగేవాడు ఒకడు. ఎక్కించేవాడు క్లచ్ వదిలి ముందు చక్రాన్ని అంచు మీదికి లేపి, అది పైన పడగానే యాక్సిలరేటర్ తగ్గించి ఒంటిని ముందుకు వేస్తాడు, వెనక చక్రం బండను తన్ని పైకి వస్తుంది. లాగేవాడికి, ఎక్కించేవాడికి తాళం కుదరకపోతే బండి సగంలో వేలాడుతుంది. ఆ తాళం ఒక్క రోజులో కుదరదు. అందుకే ఏళ్ల తరబడి అదే నలుగురూ కలిసి పోవడంలో అర్థం ఉంది. ఎవరు ఎక్కడ తడబడతారో, ఎవరికి ఎండ తగిలితే మాట తగ్గిపోతుందో మిగతావాళ్లకు తెలుసు.

ముగ్గురి కంటే తక్కువ మంది పోకూడదని గట్టిగా చెబుతాను. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన కూర్చోవాలి, ఒకరు సాయం కోసం పోవాలి. ఐదారుగురు దాటితే సగం రోజు ఎదురుచూపుల్లోనే పోతుంది. దారి తెలిసినవాడు ముందు, కొత్తవాడు రెండో స్థానంలో, అందరికన్నా బాగా నడిపేవాడు చివర. బాట చీలిన ప్రతి చోటా వెనక బండి కంటికి కనిపించేదాకా ఆగాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే గుట్టల్లో మనిషి తప్పిపోడు. ముందువాడు వెనకవాడి కోసం, అతడు తన వెనకవాడి కోసం ఆగుతాడు కాబట్టి గొలుసు ఎక్కడ తెగినా రెండు మూడు నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది. ఎక్కుడులో ఒకరు పైకి చేరాకే రెండోవాళ్లు మొదలుపెట్టాలి. వెనక వచ్చినవాడు చేరీ చేరగానే మిగతావాళ్లు బయలుదేరకూడదు, అందరికన్నా అలసింది అతడే, విశ్రాంతి అందరికన్నా తక్కువ దొరికింది కూడా అతడికే. అతడు నీళ్లు తాగి, గ్లవ్స్ వేసుకుని, తల ఊపాక బండ్లు స్టార్ట్ చేస్తారు.

స్నేహితులతో పోవడంలో ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచడం సరికాదు. "ఏం కాదు, ఎక్కించెయ్" అన్న మాట ఈ బాటల్లో విరగ్గొట్టిన ఎముకలు తక్కువ కాదు. నలుగురు చూస్తుండగా "నా వల్ల కాదు" అనడం కష్టం. ఆ కష్టాన్ని తగ్గించే బాధ్యత బాగా నడిపేవాడిది. అందరిలో గట్టివాడు ఒక ఎక్కుడు చూసి "ఈ రోజు వద్దు" అని బండి తిప్పితే, ఆ రోజు మొత్తం ఎవరికైనా ఆ మాట అనే ధైర్యం వస్తుంది. నేను ఎవరితో పోవాలో ఎంచుకునేటప్పుడు మొదట చూసేది ఇదే.

దెబ్బల గురించి క్లుప్తంగా చెబుతాను. నడక వేగంలో పడినా 150 కిలోల బండి కాలి మీద పడుతుంది. అందుకే మోకాలి కింది దాకా ఉండే గట్టి బూట్లకు హెల్మెట్‌తో సమానమైన విలువ ఇవ్వాలి. మోకాలి కవచాలు, ఛాతీ కవచం ఆ తర్వాత. తల లేదా మెడ అదిరినవాడి హెల్మెట్ తొందరపడి లాగకూడదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు ఊరి రోడ్డు దాకా వస్తుంది, గుట్ట మీదికి రాలేదు. రోడ్డు ఎటువైపు దగ్గరో, ఫోను సిగ్నల్ చివరిసారి ఎక్కడ వచ్చిందో జట్టులో ప్రతివాళ్లకూ తెలిసి ఉండాలి. ఏ గుట్టకు పోతున్నామో, ఏ వేళకు తిరిగి వస్తామో ఇంట్లో చెప్పి రావాలి. మార్చి నుంచి జూన్ దాకా మా బండ్లు పదకొండు గంటలకల్లా గుట్ట దిగుతాయి. ఆ ఎండలో కవచాల లోపల ఒళ్లు చల్లబడే వీలు లేదు. మంచినీళ్లు ఒక్కటే చాలవు, ఉప్పు కలిపిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో ఉండాలి. ఎవరికైనా చెమట ఆగిపోయినా, మాట తడబడినా అతడి బండి తాళం తీసుకోవాలి.

అసలు ఈ బాట మనది కాదన్న సంగతి అన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. మేకలు ఎదురైతే ఇంజన్ ఆపి, బండి పక్కకు తీసి, చివరి మేక దాటేదాకా నిలబడతాం. ఒకసారి అలా ఆగినప్పుడు ఒక ముసలి కాపరి మా బండ్లన్నీ చూసి, ముందున్న ఒర్రెలో నీళ్లు కోసిన చోటు ఎక్కడుందో చేత్తో చూపించి, "పైలం బిడ్డా" అని పోయాడు. ఆ ఒర్రె దగ్గర ఆయన చెప్పినట్టే గట్టు తెగి ఉంది. ఆ దారిని ఆయన రోజూ చదువుతాడు, మేం అప్పుడప్పుడూ వస్తాం.

వెనక చక్రం ఒక్కచోట తిరిగితే బాటకు జరిగే నష్టం కంటికి చిన్నగా కనిపిస్తుంది. వాలులో తవ్విన ఆ గాడిలోకి మొదటి వాన నీళ్లన్నీ చేరతాయి. రెండు వానలకు అది కాలువ అవుతుంది, మూడో ఏటికి మేక కూడా నడవలేని గండి అవుతుంది. కష్టమైన రాయిని తప్పించుకోవడానికి పక్క నుంచి పోయిన ఒక్క బండి వెనక ఇంకో పది పోతాయి, ఒంటి బాట కాస్తా బండ్ల దారి అవుతుంది. హాఫ్ క్లచ్ మీద పట్టు వచ్చినవాడి చక్రం అలా ఒక్కచోట తిరగదు. అంటే నెమ్మదిగా నడపడం వచ్చినవాడే బాటకు తక్కువ హాని చేస్తాడు. వాన వెలిసిన మర్నాడు ఎర్రమట్టి వాలుల మీద నడపకపోవడం, ఎక్కలేని వాలును మూడో ప్రయత్నం తర్వాత వదిలేయడం, ఇవి జట్టు మొత్తానికి ఉండాల్సిన అలవాట్లు.

చట్టం కూడా ఉంది. అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా పోవడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తుంది. అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల్లో బండి మోత వినిపించాల్సిన పని లేదు. రిజర్వు ఫారెస్టు సరిహద్దు రాళ్లు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. పట్టా భూమైతే రైతును అడగాలి. అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు, పైరు లేని కాలంలో దారి వాళ్లే చూపిస్తారు. అడగకుండా కంచె దాటిన ఒక జట్టు వల్ల తర్వాత వచ్చే అందరికీ ఆ ఊరు మూసుకుపోతుంది. హైదరాబాద్ లోపలి, చుట్టుపక్కల బండల కోసం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పోరాడుతోంది. వాళ్లు కాపాడుతున్న గుండ్ల మీద టైరు మరకలు వేసే హక్కు మనకు లేదు.

మరి ఎక్కడ నేర్చుకోవాలి? 2015లో ఎడారుల మీదుగా సాగే డకార్ ర్యాలీని పూర్తిచేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కర్ణాటకలోని కోలార్ దగ్గర బిగ్ రాక్ అనే డర్ట్ పార్కు పెట్టారు. గుట్టలు, తోటలు, తెలుగు మాట్లాడే ఊళ్లు ఉన్న ప్రాంతం అది. మన రాయలసీమ నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికల్లా చేరొచ్చు. అక్కడ నేర్పే శిక్షకులు ఉంటారు. 2024 డకార్‌లో ర్యాలీ 2 విభాగాన్ని గెలిచి, మొత్తం మీద పదకొండో స్థానంలో నిలిచిన హరిత్ నోవా కేరళవాడు. ఈ ఆటలో పైకి పోవడానికి దక్షిణాదిలో దారి ఉందని ఇద్దరూ చూపించారు.

తెలుగు రాష్ట్రాల్లో అలాంటి చోటు కావాలని నా కోరిక. దానికి కొత్తగా ఒక్క గుట్టను కూడా ముట్టనక్కర్లేదు. ఎర్జ్‌బెర్గ్ గని అన్న సంగతి గుర్తుంచుకుంటే చాలు. కరీంనగర్ చుట్టూ, హైదరాబాద్ శివార్లలో గ్రానైటు తవ్వి వదిలేసిన క్వారీలు ఉన్నాయి. మెట్లు మెట్లుగా కోసిన బండలు, కుప్పలు పోసిన రాళ్లు, వాలుగా పోసిన మొరం గుట్టలు అక్కడ అప్పటికే ఉన్నాయి. కొత్తగా పాడయ్యే గడ్డి లేదు, మేత లేదు, బెదిరే జంతువులు తక్కువ. నీళ్లు నిలిచిన లోతైన గుంతలకు కంచె వేయాలి, నిటారు గోడల అంచుల నుంచి బాటలను దూరంగా గీయాలి, వదులుగా వేలాడే బండలను ముందే దించేయాలి. ఆ ఊరి కుర్రాళ్లలో నలుగురికి ప్రథమ చికిత్స, బండి రిపేరు నేర్పి అక్కడే పని ఇవ్వొచ్చు. టికెట్ డబ్బులో పంచాయతీకి వాటా రాసివ్వాలి. గనుల శాఖ, పంచాయతీ, బండ్లు నడిపేవాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుంటే మొదటి క్వారీని ఎంచుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. అడగాల్సింది మేమే. ఏ క్వారీ లీజు ముగిసిందో, ఎక్కడ నీళ్లు నిలవలేదో, ఏ ఊరి నుంచి అంబులెన్సు తొందరగా చేరగలదో రాసుకుంటూ మా జట్టు ఆ జాబితా మొదలుపెట్టింది.